మంచు మీద చెయిన్ల బండి

మొన్న శ్రీకాకుళం చేపల మార్కెట్లో ఎవరో ఐసుగడ్డను సుత్తితో కొడుతుంటే ఒక ముక్క ఎగిరి నా పాదం మీద పడింది. ఆ చలి తగలగానే హవల్దారు అప్పలనాయుడు గుర్తుకొచ్చాడు.

నాది పొందూరు. అరవైల చివర్లో సైన్యంలో డ్రైవరుగా చేరి లడఖ్ వెళ్లాను. అక్కడ నాకు పని నేర్పినవాడు ఆయన, శృంగవరపుకోట దగ్గరి రైతుబిడ్డ. నలుగురిలో ఆయన్ను సార్ అనేవాణ్ణి, ఇద్దరమే ఉన్నప్పుడు మావా అని పిలిచేవాణ్ణి. మా బండి రెండో ప్రపంచ యుద్ధం నాటిది. టైర్ల బదులు ఇనుప చెయిన్లు, పైకప్పు లేదు. స్టీరింగు కొద్దిగా తిప్పితే మెల్లగా మళ్లేది. ఎక్కువ తిప్పితే ఒక పక్క చెయిన్‌కు బ్రేకు పడి గిర్రున తిరిగేది. మట్టి నేల మీద అది సుగుణమే. గడ్డకట్టిన మంచు మీద ప్రాణాలు తీస్తుంది.

"జారితే ఏటి సేస్తావు?" అని మొదటిరోజే అడిగాడు.

"బ్రేకు తొక్కుతాను మావా."

"సస్తావు. గేరు మార్సకు, బ్రేకు తొక్కకు. కాలు తీసీసి ఊరుకో. సెయిన్‌కి నేల దొరకనీ."

ఊరుకోవడం ఎంత కష్టమో ఆ చలికాలంలోనే తెలిసింది. జ్వరంతో ఉన్న ఒక జవానును వెనక పడుకోబెట్టుకుని కొండ దిగుతున్నాం. నాయుడు ముందు నడుస్తూ, దారి నున్నగా ఉన్నచోటల్లా కంకర జల్లుతున్నాడు. ఒక మలుపులో బండి వెనక భాగం లోయవైపు జారింది. నేను భయపడి బ్రేకు తొక్కాను. ముందు భాగం కొండవైపు తిరిగి, ఆయన ఎడమ మోచేతిని రాతికి నొక్కేసి ఆగింది.

నేను కిందికి దూకబోయాను.

"ఒరే, దిగకు! ఇప్పుడు దిగితే మళ్లీ ఎక్కవు. ఎనక్కి తియ్యి, మెల్లగా."

తీశాను. విరిగిన చేతిని కోటులో దోపుకుని ఆయన నా పక్కన కూర్చున్నాడు. మిగిలిన దారిలో రెండుసార్లు జారింది. రెండుసార్లూ కాలు తీసి ఊరుకున్నాను. జవాను బతికాడు.

విచారణలో మాత్రం, కంకర సరిగా జల్లలేదనీ తప్పు తనదేననీ ఆయన చెప్పాడు. బయటికొచ్చాక, ఎందుకలా అన్నావని నిలదీశాను.

"నీ పేరు రాస్తే నీకింక బండి ఇవ్వరు. నానెలాగూ తోలలేను కదేటి" అన్నాడు.

నిజం చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. నేనూ చెప్పలేదు. ఆ చెయ్యి మళ్లీ చాపుకోలేకపోయాడు; ఆయన్ను ఇంటికి పంపేశారు.

పదిహేనేళ్లు బండి నడిపి తిరిగొచ్చాను. నా సర్వీసు పుస్తకంలో ఒక్క ప్రమాదమూ లేదు. ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే, ఒకటి జరిగిందని చెబుతాను. అది ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.