మొదటి పిలుపు ఆయనదే

మొన్న ఆదివారం పొద్దున్నే బెంగళూరు పక్కనున్న అత్తిబెలె నుంచి తాపీమేస్త్రి శివన్న ఫోన్ చేశాడు. "అన్నా, మన పెద్దాయన పోయినాడన్నా" అని బావురుమన్నాడు. కామ్రేడ్ ఓబుళప్పగారు అస్తమించారన్న ఆ దుర్వార్తకు నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆయన వెంట ఏళ్ళ తరబడి యూనియన్ జెండా మోసినవాణ్ణి నేను.

యౌవనంలోనే విప్లవోద్యమంలో అడుగుపెట్టి, కారాగారవాసం అనుభవించి, శేషజీవితాన్ని బెంగళూరు భవన నిర్మాణ కార్మికులకే ధారపోసిన త్యాగధనుడాయన. నేను తాపీపని చేసే రోజుల్లో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మేం కట్టిన అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే మమ్మల్ని సెక్యూరిటీవాడు ఆపేశాడు. నేను గొడవకు దిగబోతే ఆయన నవ్వారు. "వాన్నెందుకు తిడతావప్పా, వాడూ మనోడే. కట్టింది నువ్వు, లోపలికి పోగూడనిదీ నువ్వే. ఎందుకో ఆలోచన చెయ్, మార్క్సిజం ఆడ్నే ఉండాది" అన్నారు.

ఎత్తు మీంచి పడి కూలీ ఎవరైనా చనిపోతే, కాంట్రాక్టర్లు శవాన్ని గుట్టుచప్పుడు కాకుండా సొంతూరికి పంపేయాలని చూసేవారు. ఓబుళప్పగారు బండికి అడ్డం నిలబడేవారు. "సిమెంటు మూట అనుకుంటివా మనిషంటే? పేరు పిల్చి పంపాలప్పా!" అని కేకలేసేవారు. పిడికిలెత్తి ఆ చనిపోయినవాడి పేరు పలికేవారు. మేం "జోహార్!" అనేవాళ్ళం. ఎంత దగ్గు వస్తున్నా ఆ మొదటి పిలుపు ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. మేమూ ఎన్నడూ అడగలేదు.

ఆయన అభీష్టం ప్రకారం భౌతికకాయాన్ని వైద్యకళాశాలకు అప్పగించాలి. ఎలక్ట్రానిక్ సిటీలో పనులు మానుకుని జనం వచ్చారు. ఎర్రజెండా కప్పాం. వ్యాన్ తలుపు తెరిచారు. అందరం పిడికిళ్ళెత్తి అలాగే నిలబడ్డాం. అలవాటుకొద్దీ ఆ మొదటి పిలుపు కోసం చూస్తున్నాం. అయ్యో, పిలిచే మనిషి స్ట్రెచర్ మీద ఉన్నాడు కదా!

ఆయన సహచరి నాగమ్మక్క మా మొహాల్లోకి చూసింది. "ఏమప్పా, అందురికీ నోళ్ళు పడిపోయినాయా? ఎందర్నో పేరు పిల్చి పంపించె ఆయప్ప. ఆయప్పని మాత్రం ఇట్లే సాగనంపతారా?" అంది.

నేను ముందుకెళ్ళాను. "కామ్రేడ్ ఓబు..." అనేసరికి దుఃఖం గొంతుకు అడ్డం పడింది. తేరుకునేలోగా తలుపులు మూశారు. వ్యాన్ మలుపు తిరిగిపోయింది.

ఆ మహనీయుడు లేని లోటు పూడ్చలేనిదని రాయడం సులువే. రేపు ఇంకో కూలీ పడిపోతే బండి ముందు నిలబడేదెవరు? నాకు తెలియడం లేదు. నిన్న యూనియన్ ఆఫీసులో ఆయన కుర్చీ ముందు నిలబడి, పిడికిలెత్తి, "కామ్రేడ్ ఓబుళప్పకూ..." అని చివరిదాకా పిలిచాను. బదులు పలకడానికి అక్కడ ఎవరూ లేరు.

ఇది చదువుతున్న మీరైనా అనండి.