కోటు వేసుకునే వెళ్ళాడా?

ఓర్లీన్ నేపియర్ తన కొడుకుని ఇంట్లో దాచిపెట్టిందని మా ఊళ్ళో అందరూ అనుకునేవారు. పగలంతా అటక మీద ఉంచి చీకటి పడ్డాక కిందికి దింపుతోందని కొందరు, వెనక గదిలో మంచం కింద నేలపలకలు తీసి చోటు చేసిందని మరికొందరు. సాక్ష్యాలకీ కొదవ లేదు. ఒంటరి మనిషి ఇద్దరికి సరిపడా వండుతోంది. వాకిట్లో దీపం పట్టపగలు కూడా ఆర్పడం లేదు. కొట్లో మగవాళ్ళ ఊలు మేజోళ్ళు కొంటుంటే బర్నీస్ కళ్ళారా చూసింది.

బర్నీస్ మా లాండ్రీకి దుప్పట్లు తెచ్చుకుంటుంది. ఆమె మేనల్లుడు ట్రెంట్ పోలీసు, షెరీఫ్ దగ్గర డిప్యూటీ. అందుకని ఆమె మాటంటే మాకు సగం ప్రభుత్వం మాటే.

ఓర్లీన్ అత్తా నేనూ ఆ లాండ్రీలోనే పనిచేసేవాళ్ళం. జనం మూటలు వదిలిపెట్టి పోతే ఉతికి, మడతపెట్టి ఇవ్వడం మా పని. ఆమె వయసులో ఉండగా లోయ చివర చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టేది. అది మూతపడింది. భర్తని గని దుమ్ము తినేసింది. ఆమె చేతులు మాత్రం ఫ్యాక్టరీ వేగాన్ని మరిచిపోలేదు. నేను ఒక చొక్కా మడిచేలోగా ఆమె మూడు మడిచి, గుండీ వదులైనది కనబడితే అడక్కుండానే కుట్టేసేది. "చదువు పదోక్లాసులో ఆపేసినా పరవాలేదే పిల్లా, మడత మధ్యలో ఆపకు" అని నన్ను ఆటపట్టించేది.

రోజూ పొద్దున్న యంత్రాలు తిరగడం మొదలవగానే ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి కూర్చునేది.

"తియ్యి, మా వాణ్ణి చూద్దాం."

నేను ఫోన్‌లో కౌంటీ జైలు పేజీ తెరిచేదాన్ని. మా తూర్పు కెంటకీ కొండల్లో వాతావరణం కంటే ముందు జనం చూసేది అదే. రాత్రి ఎవరు పట్టుబడ్డారో వాళ్ళ ఫోటో, పేరు, ఏ కేసో అన్నీ ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. శనివారం పొద్దున్న కాఫీ కొట్టులో ఏ బల్ల దగ్గర చూసినా అదే చదువు. 'పట్టుబడినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు' అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంత కిందిదాకా చదివేవాళ్ళు ఎవరూ లేరు.

ఓర్లీన్ అత్త కొడుకు క్లింట్. గనిలో నడుం దెబ్బతిన్నాక నొప్పికని మొదలైన మాత్రలు వాణ్ణి మింగేశాయి. ఎండాకాలం అంతా ఎక్కడున్నాడో తెలీదు. ఆకులు రాలేటప్పుడు జైలు పేజీలో ఫోటో కనబడింది. వేరే తల్లయితే ఏడ్చేది. ఈమె ఫోన్ దగ్గరికి లాక్కుని ఫోటోనే చూస్తూ కూర్చుంది.

"బతికున్నాడు" అంది. "మూడు పూటలా తింటాడు. పైన కప్పుంది. ఇంకేం కావాలి?"

ఆరోజు నుంచి పేరు ఉంటే ఆమెకి మంచి రోజు. ఆ పేజీలో ఫోటో మారదని నేను చెప్పినా వినేది కాదు. "నిన్నటికంటే బుగ్గలొచ్చినట్టు లేవూ?" అనేది. నేను తలూపేదాన్ని.

నవంబరులో ఒక పొద్దున్న పేరు లేదు. నేను పైకీ కిందికీ జరిపి చూశాను. విడుదలైనవాళ్ళ పేజీ వేరే ఉంటుంది, అందులో ఉంది. ఏ జడ్జి సంతకం పెట్టారో, ఏ షరతు మీద వదిలారో కూడా ఉంది: పూచీకత్తు లేకుండా, కోర్టుకి వస్తానన్న సొంత మాట మీద.

"వదిలేశారత్తా" అన్నాను.

ఆమె చేతిలోని తువ్వాలు మడత ఆపేసింది. అలా ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. మధ్యాహ్నమే సెలవడిగి ఇంటికెళ్ళి, పంది కొవ్వు వేసి చిక్కుడు గింజలు ఉడకేసింది, మొక్కజొన్న రొట్టె కాల్చింది, వాకిట్లో దీపం వేసింది. వాడు రాలేదు. మర్నాడు ఆ గింజలే డబ్బాలో తెచ్చి మా ఇద్దరి భోజనం చేసింది. ఆ తర్వాత ప్రతి రోజూ అంతే. ఆ రెండో కంచం ఎవరిదని ఊరంతా అడిగింది గానీ, అది తిన్నది నేనే.

క్లింట్‌ని పెట్రోలు బంకు దగ్గర చూశామని ఒకరు, ఎవరో ఆడమనిషి బండెక్కి ఒహాయో వెళ్ళాడని ఒకరు అన్నారు. ఈలోగా కోర్టు తారీఖు వచ్చి పోయింది. వాడు హాజరు కాలేదు. దాంతో వాడి ఫోటో మూడో పేజీలోకి ఎక్కింది, వెతుకుతున్నవాళ్ళ పేజీలోకి.

ఆ వారమే ట్రెంట్ ఇంకో డిప్యూటీని తీసుకుని వారెంటుతో ఓర్లీన్ అత్త ఇంటికెళ్ళాడు. అటక చూశారు. మంచం కింద టార్చి వేశారు. పొయ్యి మీద గిన్నె మూత తీసి చూశారట.

"ఎక్కడ దాచావ్ ఓర్లీన్? చెప్పేయకూడదూ?" అంది బర్నీస్ మర్నాడు, దుప్పట్ల మూట బల్ల మీద పడేస్తూ. "పెద్దదానివి, జైల్లో పడుకోగలవా?"

"పడుకుంటే నీకేంటి లాభం? నీ దుప్పట్లు ఎవరు మడుస్తారు?"

"నవ్వులాట కాదు. రెండు కంచాలెందుకు పెడుతున్నావో దేవుడికి చెప్పుకో."

"దేవుడు అడగడులే. ఆయనకి మీ మేనల్లుడు చెప్పేసుంటాడు."

బర్నీస్ వెళ్ళాక ఆమె డిప్యూటీల యూనిఫారం మూట విప్పింది. వాళ్ళ బట్టలూ మా దగ్గరికే వస్తాయి. ట్రెంట్ చొక్కా గుండీ వేలాడుతుంటే చూసింది, సూదీ దారం తీసింది. కుడుతూ మెల్లగా అంది: "దాచుకునే భాగ్యమే ఉంటే అంతకంటేనా."

ఆ రాత్రి మొదటి మంచు పడింది. పొద్దున్నే కొండ తెల్లగా ఉంది. ఆమె జైలు పేజీ తెరవమనలేదు.

"నన్ను కోర్టుకి తీసుకెళ్తావా? వాడు ఎటెళ్ళాడో కాగితాల్లో రాసే ఉంటారు కదా."

నాకు మనుషులతో మాట్లాడాలంటే నాలుక మడతపడుతుంది. అయినా బండి తీశాను.

కోర్టులో గుమాస్తా మంచి మనిషే. తెర తిప్పి మాకు చూపించింది. పట్టుబడిన తేదీ, కేసు, విడుదల తేదీ, కోర్టుకి రానందుకు వారెంటు. అన్నీ వరసగా ఉన్నాయి, ఒక్క అక్షరం తేడా లేదు.

"ఎటెళ్ళాడో ఉంటుందా అమ్మా?" అడిగింది ఓర్లీన్ అత్త.

"వదిలిపెట్టాక మాకు సంబంధం ఉండదు తల్లీ. వదిలారంటే వదిలారంతే. తలుపు దాటి వెళ్ళిపోయినట్టే."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. ఆమె మంచు వైపు చూసింది. జైలు పక్క భవనమే.

"ఒక్కటి అడిగొస్తానే" అంది. "వాడికి గోధుమరంగు పనికోటు ఉండాలి. జిప్పు నేనే మార్చి కుట్టాను. అది వేసుకుని వెళ్తే పరవాలేదు, ఎక్కడున్నా తట్టుకుంటాడు."

జైలు కిటికీ వెనక కొత్తగా చేరిన కుర్ర జైలరు ఉన్నాడు. ఆమె అద్దానికి దగ్గరగా వంగింది.

"బాబూ, క్లింట్ నేపియర్ వాళ్ళమ్మని. వాడు వెళ్ళేటప్పుడు కోటు వేసుకునే వెళ్ళాడా?"

అలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. "చూసొస్తానండీ" అని లోపలికెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో పెద్ద ప్లాస్టిక్ సంచి ఉంది.

"ఇంకా ఇక్కడే ఉందండీ. ఎవరూ తీసుకెళ్ళలేదు."

జైల్లోకి వెళ్ళగానే సొంత బట్టలు తీసి సంచిలో కడతారు. వదిలేటప్పుడు అవే తొడుక్కుని బయటికి రావాలి. ఓర్లీన్ అత్త సంచి విప్పింది. కోటు, పైన చుట్టిన బెల్టు, పర్సు. అడుగున బూట్లు. ఎడమ బూటులో మేజోళ్ళు ముద్దగా దోపి ఉన్నాయి, చిన్నప్పటి నుంచీ వాడి అలవాటు అదేనట.

"బూట్లు కూడా ఉన్నాయే" అంది. కోపంగా కాదు, లెక్క అందనట్టుగా. "మరి నా బిడ్డ ఏం తొడుక్కుని వెళ్ళాడు బాబూ?"

కుర్రాడు బూట్ల వైపు చూశాడు. కంప్యూటర్లో ఏదో వెతికాడు. ఫోన్ తీసి ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడాడు. చీటీ మీద ఒక నంబరు రాసి కిటికీ కిందినుంచి తోశాడు.

"నగరంలో ఆసుపత్రిదండీ. ఇక్కడికి అడగండి. నేనిచ్చానని మాత్రం చెప్పకండి."

బండిలో కూర్చుని నేనే ఫోన్ చేశాను, ఆమెకి ఫోన్‌లో సరిగా వినబడదు. పేరు చెప్పాను. అవతలావిడ అప్పటిదాకా మామూలుగానే మాట్లాడింది. "మీరు ఆయనకేమవుతారు?" అని మెత్తగా అడిగింది. ఆ మెత్తదనం వినగానే నాకు అర్థమైంది. ఓర్లీన్ అత్త ఒళ్ళో బూట్లు పెట్టుకుని నా నోటి వైపే చూస్తోంది.

ఆ తర్వాత మాకు తెలిసింది ఇది. జైల్లో క్లింట్‌కి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది. అంబులెన్సులో నగరానికి పంపారు. ఖైదీగానే ఉంచితే ఆసుపత్రి ఖర్చు కౌంటీదే, కాపలాకి మనిషిని పెట్టాలి. అందుకని పొద్దున్నే విడుదల కాగితం సంతకం చేయించారు. సొంత మాట మీద వదిలేశామని రాసిన వేళకి వాడి నోట మాట లేదు, మళ్ళీ రానూ లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికని ఆసుపత్రి దగ్గరున్న నంబరు వాడి మాజీ భార్యది, అది ఎప్పుడో తీసేశారు.

వాణ్ణి ఇంటికి తెచ్చి కొండ మీద తండ్రి పక్కన పూడ్చారు. శవపెట్టె మూత సగమే తెరుస్తారు, నడుం కిందికి కనబడదు, బూట్లు అక్కర్లేదన్నారు అంత్యక్రియలవాళ్ళు. "కనబడటానికి కాదు" అని ఓర్లీన్ అత్త తనే తొడిగి లేసులు కట్టింది.

ఇప్పుడామె వాకిట్లో దీపం వెలగడం లేదు. పనికి వస్తుంది, మడుస్తుంది. జైలు పేజీ తెరవమని అడగదు. నేను ఒకసారి తెరిచి చూశాను. వెతుకుతున్నవాళ్ళలో క్లింట్ ఫోటో ఇంకా ఉంది.

బర్నీస్ ఇప్పటికీ దుప్పట్లు తెస్తుంది. "పాపం, అటక మీద దాచకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే బతికేవాడు" అంటుంది, ఓర్లీన్ అత్త లేనప్పుడు. వినేవాళ్ళు తలలూపుతారు.

ట్రెంట్ ఆ ఇంట్లో మంచం కింద టార్చి వేసిన రోజుకి క్లింట్ చనిపోయి వారం దాటింది.