ఎడమ చేతికి పసుపు టేపు

సిగ్నల్‌లో పచ్చ దీపం పడింది. బస్సు కదల్లేదు. బ్రేకు మీద పెట్టిన నా కాలు అక్కడే ఉండిపోయింది. వెనక హార్న్‌లు మొదలయ్యాయి. బస్సులో ఉన్న ముప్పై మందిలో ఎవరో "సత్తన్నా, యల్లా, పోనియ్!" అని అరిచారు. ఛాతీ మీద సిమెంటు బస్తా పెట్టినంత బరువు. చొక్కా అంతా తడిసిపోయింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. మా నాన్న గుండెపోటుతోనే పోయాడు. నాకు నలభై మూడేళ్లు. ఇక నా వంతు వచ్చిందనుకుని, ఎలాగో బస్సును పక్కకు తీసి, స్టీరింగ్ మీద తల వాల్చేశాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఖతార్‌లో పదకొండేళ్లుగా కంపెనీ బస్సు నడుపుతున్నాను. బర్వా అల్ బరాహాలోని క్యాంపు నుంచి పనివాళ్లను సైటుకు తీసుకుపోవడం, తీసుకురావడం నా డ్యూటీ. అన్నేళ్లలో నా బండికి చిన్న గీత కూడా పడలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయే రకాన్ని నేను.

అంబులెన్స్‌లో ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు. ట్రోపోనిన్ అని రక్తపరీక్ష చేశారు, కొన్ని గంటలాగి మళ్లీ చేశారు. చివరికి డాక్టర్ వచ్చి, "హార్ట్ నార్మల్. వెరీ గుడ్ హార్ట్" అన్నాడు. పక్కనున్న కేరళ సిస్టర్ హిందీలో అడిగింది: "ఈమధ్య ఏమైనా చూశారా? యాక్సిడెంట్ గానీ, షాక్ గానీ?"

"ఏం లేదు సిస్టర్" అన్నాను.

అబద్ధం. అంతకు తొమ్మిది రోజుల ముందు ఒక మనిషి నా కళ్ల ముందు చనిపోయాడు.

అది చెప్పాలంటే ముందు కరీం భాయ్ గురించి చెప్పాలి. ఆయనది బోధన్. మా కంపెనీ రోడ్డు పనుల సైటులో ఫ్లాగ్‌మన్. ఎర్ర జెండా పట్టుకుని టిప్పర్లను ఆపడం, వదలడం ఆయన పని. పదహారేళ్లుగా అదే పని. ఎంత తొందరలో ఉన్న డ్రైవరైనా ఆయన చెయ్యి లేస్తే ఆగుతాడు. ఆయన అరవడు, తిట్టడు. ఎండలో నిలబడి నిలబడి మనిషి నల్లగా, ఎండు ఖర్జూరంలా ఉంటాడు కానీ ఆ చెయ్యి లేచిందంటే పెద్ద పెద్ద బండ్లు మాట వింటాయి.

ఆయనకో అలవాటు ఉంది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ప్రతివాడి ఎడమ మణికట్టుకూ పసుపు టేపు ముక్క కడతాడు. సైటులో గుంతల చుట్టూ కట్టే ప్లాస్టిక్ టేపు అది. "గిది ఏ చేతికున్నదో గా దిక్కు ముందుగాల సూడు. గప్పుడే రోడ్డు మీద కాలు పెట్టు. నెల దాక ఇప్పొద్దు" అంటాడు. మన దగ్గర బండ్లు ఎడమ పక్కన పోతాయి. అందుకే రోడ్డు దాటేటప్పుడు మన మెడ ముందు కుడివైపు తిరుగుతుంది. ఇక్కడ బండ్లు కుడి పక్కన పోతాయి. మీద పడే బండి ఎడమ నుంచి వస్తుంది. ఆ సంగతి బుర్రకు మొదటిరోజే తెలుస్తుంది. మెడకు తెలియడానికి నెల పడుతుంది.

ఆ చనిపోయిన మనిషి గంగారాం, నిర్మల్ వైపువాడు. నా కంటే నాలుగైదేళ్లు చిన్న. మొదటిసారి గల్ఫ్‌కు వచ్చాడు, వచ్చి రెండు వారాలు. శుక్రవారం సెలవు కనుక మెస్సుకు కూరగాయలు తేవడానికి ఏడుగురిని అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్టుకు తీసుకుపోతున్నాను. గంగారాం నా వెనక సీట్లోనే కూర్చున్నాడు. అద్దంలో ఆ పసుపు టేపు కనబడింది. నా నోరు ఊరుకోలేదు.

"ఏమయ్యా గంగారాం, ఈడికొచ్చి మళ్ల పెండ్లి చేసుకుంటున్నవా? కంకణం కట్టుకున్నవ్! కరీం భాయ్ మిమ్ముల అంగన్‌వాడీ పోరగాండ్లను చేసిండు."

బస్సంతా నవ్వింది. గంగారాం కూడా నవ్వాడు. టేపును పళ్లతో తెంపి జేబులో పెట్టుకున్నాడు.

మార్కెట్టు దగ్గర బస్సు ఆపాను. ఉల్లిగడ్డల దుకాణం రోడ్డుకు అవతల ఉంది. అతను దిగి, బస్సు ముందు నుంచి దాటబోయాడు. ఎడమవైపు అద్దంలో నాకు తెల్లటి బండి వేగంగా రావడం కనబడుతోంది. ముందు అద్దంలోంచి గంగారాం కుడివైపు చూస్తూ అడుగు వేయడం కనబడుతోంది. రెండూ ఒకేసారి చూసినవాణ్ని నేనొక్కణ్నే. హార్న్ కొట్టాను. మళ్లీ వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు కాబోలు, నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వుతోనే ఇంకో అడుగు వేశాడు.

అంబులెన్స్ తొందరగానే వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని అతని ఛాతీ నొక్కిన ఫిలిప్పీన్స్ అమ్మాయికి చెమటలు ధారగా కారాయి, అయినా చెయ్యి ఆపలేదు. ఆమెకు ఎప్పటికీ నా దండం. పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాను. టేపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఏడు రోజులు మామూలుగానే బస్సు నడిపాను. అన్నం తిన్నాను, జోకులు కూడా వేశాను. ఎనిమిదో రోజు క్యాంపు ముందు రోడ్డుకు అవతలున్న బకాలాకు, అంటే కిరాణా కొట్టుకు, పాలు తెచ్చుకుందామని వెళ్లి, రోడ్డు అంచున నిలబడి, దాటలేక వెనక్కి వచ్చేశాను. తొమ్మిదో రోజు సిగ్నల్ దగ్గర నా కాలు లేవలేదు.

ఫోన్‌లో మా ఆవిడకు గుండె బాగానే ఉందని మాత్రం చెప్పాను. "దుబాయ్ ఎండకు గట్లనే అయితదట. మజ్జిగ తాగుండ్రి" అంది. మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. మజ్జిగ తాగాను. ఫలితం లేదు. హార్న్ వినబడితే వణుకు. కళ్లు మూస్తే ఆ నవ్వు. కంపెనీ నన్ను తాత్కాలికంగా స్టోర్‌లో వేసింది. బోల్టులు, గ్లోవ్స్ లెక్కపెట్టుకుంటూ ఒకటే ఆలోచించేవాణ్ని: మళ్లీ స్టీరింగ్ పట్టగలనా, లేక బ్యాగు సర్దుకుని ఇంటికి పోవాల్సిందేనా? డ్రైవింగ్ తప్ప నాకు వేరే విద్య రాదు.

నన్ను సైకియాట్రీ ఓపీడీకి లాక్కెళ్లింది కరీం భాయే. "పిచ్చి డాక్టర్ దగ్గరకా? తెలిస్తే నాకు బస్సు ఎవరిస్తరు?" అన్నాను.

"పన్ను నొస్తె పండ్ల డాక్టర్ కాడికి పోతవ్. నిద్ర రాకుంటె గీ డాక్టరమ్మ కాడికి పోవాలె. యల్లా, లే" అన్నాడు.

డాక్టరమ్మ లాహోర్ వైపు మనిషి. ఉర్దూలో మాట్లాడేది. నా హిందీ బజారు హిందీ, లోపలి మాటలు చెప్పుకోవడానికి చాలదు. కరీం భాయ్ నా మాటలు ఉర్దూలోకి, ఆమె మాటలు తెలుగులోకి చెప్పేవాడు. రోడ్డు మీద చావు చూశానని చెప్పాను. "పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్" అని ఆమె పేరు పెట్టింది. "ఇది పిరికితనం కాదు. మీ మెదడు ఇంకా ఆ రోడ్డు మీదే నిలబడి ఉంది. దాన్ని మెల్లగా ఇంటికి తెచ్చుకుందాం" అంది. సెర్ట్రలిన్ మాత్ర రోజుకొకటి రాసింది. మొదటి పది రోజులు నోరు ఎండిపోయింది, కడుపులో తిప్పింది. మూడు వారాలకు నిద్ర పట్టింది. నయమైపోయిందని నా అంతట నేనే మాత్రలు ఆపేశాను. నా తెలివికి నేనే మొక్కాలి.

రెండు వారాలు తిరక్కుండానే, వేరే డ్రైవర్ బస్సులో సైటుకు వెళ్తుంటే హైవే పక్కన ఒక పికప్ తిరగబడి ఉంది. దాని పక్కన తెల్లగుడ్డ కప్పిన మనిషి. బస్సు సీట్ల మధ్య కిందికి జారిపోయాను. ఈసారి నన్ను ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మందు ఆపడం మీరొక్కరే తీసుకునే నిర్ణయం కాదు, నేనొక్కదాన్నే తీసుకునేదీ కాదు" అంది. తర్వాత కాసేపు నన్నే చూసి, "మీరు నాకు చెప్పనిది ఇంకేదో ఉంది" అంది.

కరీం భాయ్ ఆ మాట తెలుగులో చెప్పి నా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. చెప్పాలంటే ఆయనకే చెప్పాలి. ఆయన నోటితోనే చెప్పించాలి. నేల చూస్తూ మొత్తం చెప్పేశాను. కంకణం మాట, అంగన్‌వాడీ మాట, అతను పళ్లతో తెంపడం, హార్న్‌కు నవ్వడం.

కరీం భాయ్ ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క మాట వదల్లేదు. తనను వెక్కిరించిన మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. నన్ను వెనకేసుకురాలేదు, నా మీద ఏమీ కలపలేదు. మధ్యలో ఒకసారి ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు, అంతే. అంత నిజాయితీగా నా తప్పును మోసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

డాక్టరమ్మ చెప్పింది ఆయన నాకు ఇలా అప్పజెప్పాడు: "ఎగతాళి చేసుడు తప్పే కావచ్చట. కాని నువ్వు మనిషిని చంపలె. ఇన్ని దినాలు ఆ రెండిట్ని ఒక్కటే చేసి మోస్తున్నవట."

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయనే మాట్లాడాడు.

"నీ మాటతోటే పోయిండని నేననను. నీ మాటకు సంబంధం లేదని గూడ అనను. అల్లాకెర్క. ఆ దినం జుమ్మా నమాజుకు తయారైతున్న సత్తయ్యా. లేకుంటె బస్సు డోర్ కాడ నేనుంటుంటి. టేపు లేకుంటె మళ్ల కడుతుంటి. నాకు గూడ అదే తిరుగుతది తలకాయల."

ఆ మాట విన్నాక రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. గంగారాం పోయాక నేను ఏడవడం అదే మొదటిసారి. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి బస్సు వచ్చేదాకా తీయలేదు.

డాక్టరమ్మ కొన్ని మెట్లు రాసిచ్చింది. మొదటి మెట్టు, రోజూ పది నిమిషాలు రోడ్డు అంచున ఊరికే నిలబడటం. తర్వాత సిగ్నల్ దగ్గర దాటడం. ఆ తర్వాత వాహనంలో ముందు సీట్లో కూర్చోవడం. వారమంతా ఎండలో నిలబడే మనిషి, తన సెలవు రోజు ఉదయాన్నే నాతో వచ్చి మళ్లీ రోడ్డు మీద నిలబడేవాడు. దాటే ముందు నా ఎడమ చేతికి టేపు కట్టేవాడు. పదకొండేళ్ల డ్రైవర్‌ని, సిగ్గేసింది, అయినా కట్టించుకున్నాను. మూడోసారికి దాటాను. పదో శుక్రవారానికి అబూ హమూర్‌లో, అదే దుకాణం ముందు దాటాను. అవతలికి వెళ్లి ఉల్లిగడ్డలు కొన్నాను. మెస్సులో రెండు రోజులు ఉల్లిగడ్డ కూరే.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చాక కంపెనీ ముందు చిన్న వ్యాన్ ఇచ్చింది, తర్వాత నా బస్సు నాకు ఇచ్చింది. మాత్ర ఇప్పుడు సగానికి తగ్గింది. హార్న్ విన్నప్పుడు లోపల ఇప్పటికీ ఒకటి కదులుతుంది. బండి నెమ్మది చేసుకుంటాను, అది సర్దుకుంటుంది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. "ఏమైనా చూశారా?" అని డాక్టర్ అడిగితే చూసిందంతా మొదటిరోజే చెప్పండి. మీరు చేశాననుకుంటున్నది కూడా చెప్పండి. నేను దాచుకున్న నెలలన్నీ ఈసీజీలో కనిపించలేదు.

నేను మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్న రోజు కరీం భాయ్ తన టేపు చుట్టను నా డ్యాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లాడు. "డోర్ కాడ ఎప్పుడూ ఉండేటోడివి నువ్వు" అన్నాడు, అంతే. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఇప్పుడు నేనే కడుతున్నాను. మొన్న ఒకాయన చెయ్యి చాపి, "ఏందన్నా, పెండ్లి కంకణమా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకో ముడి వేశాను.