ఎల్లారెడ్డిలో అమ్మ ఒడిబియ్యం

శ్రావణమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ, బాపు, మా అమ్మాయి వెన్నెలతో కలిసి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. నా చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఎల్లారెడ్డిలో అమ్మ తమ్ముడు, మా మామ ఇంట్లోనే గడిచాయి. మామ పోయాక రాకపోకలు తగ్గాయి. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివారు కొన్నేళ్లకోసారి పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. తమ్ముడు పోయిన తర్వాత అమ్మకు ఆ పిలుపు రాలేదు. తను అడగనూ లేదు.

రైల్లో పక్కనున్నామె పలకరించింది. "ఏడికి పోతున్నరు అవ్వా?"

"తల్లిగారింటికి బిడ్డా. ఉన్నదో లేదో చూసొద్దామని."

పదింటికి కామారెడ్డిలో దిగాం. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని, బస్టాండులో కిటికీలోంచి రుమాలు వేసి సీట్లు ఆపుకున్నాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి అమ్మకు, వెన్నెలకు టికెట్ డబ్బుల్లేవు. కండక్టర్ బాపు వైపు తిరిగాడు. "మొగోళ్లే కట్టాలె బాపూ."

"ఇంట్ల గంతే, బస్సుల గంతే" అంటూ బాపు జేబులో చెయ్యి పెట్టాడు.

లింగంపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా మక్కజొన్న చేలే. ఎల్లారెడ్డి చేరేసరికి మధ్యాహ్నమైంది. మామ పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది. మామ భార్య సుగుణత్త కాళ్లకు నీళ్లిచ్చింది. పచ్చిపులుసు, మక్కగారెలతో భోజనం పెట్టి ఊరి కబుర్లన్నీ చెప్పింది. ఒడిబియ్యం మాట మాత్రం ఎత్తలేదు. నాలుగింటి బస్సుకు టైమవుతుంటే అమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"పోయొస్త సుగుణా."

"ఆగు వదినె" అంటూ అత్త లోపలికి పోయి పళ్లెం తెచ్చింది. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, జాకెట్ గుడ్డ. తెచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. "పక్కింటామెను పిలిచిన. ఆమె పోస్తది."

"నీకేమైంది?"

"ముత్తైదువ చెయ్యి కాదు వదినె నాది. నీకు కీడయితదని ఇన్నేండ్లు పిలువలె."

"నువ్వే నన్ను వద్దనుకున్నవనుకున్న కదనే!" అమ్మ సంచి కింద పెట్టేసింది. బాపును పక్కన కూర్చోబెట్టుకుని పీట మీద కూర్చుంది. "నా తమ్ముని ఇంట్ల పక్కింటామె పోసుడేంది? నువ్వే పొయ్యి."

అత్త భయం భయంగా బాపు వైపు చూసింది.

"పొయ్యి చెల్లె. నాకేం గాదు" అన్నాడు బాపు. "బస్సే పోతది."

మొదటి పిడికిలిలో సగం బియ్యం నేలపాలయ్యాయి. రెండోది ఒడిలోనే పడింది. చివర్లో ఆనవాయితీ ప్రకారం అమ్మ కొన్ని బియ్యం తిరిగి ఆ పళ్లెంలోనే పోసింది.

బాపు అన్నట్టే కామారెడ్డి బస్సు వెళ్లిపోయింది. ఐదు దాటాక మెదక్ బస్సు దొరికితే అటునుంచే తిరుగు దారి పట్టాం. పోచారం దగ్గర చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకుతున్నాయి. నేనెరిగిన ఎల్లారెడ్డిలో పెంకులు, అరుగులు పెద్దగా మిగల్లేదు. చూడబోయేవాళ్లు వాటికోసం పోనక్కర్లేదు, మనుషులుంటే పోండి.

మెదక్ చేరకముందే అమ్మ అత్తకు ఫోన్ చేసింది.

"సుగుణా, పోచారం దాటినం. ఎండకాలం మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు మా వెన్నెలను నీ దగ్గరికి తోలిస్త."

"నన్నడగవా నానమ్మా?" అంది వెన్నెల.

అత్త గొంతు ముందు సీట్లవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా వినిపించింది. "ఎండకాలం దాంక ఏంది వదినె? దసరకే తోలియ్యి! నువ్వు గూడ రా!"