ఎండకు ఆగే కంప్యూటర్

మా వరండాలో పాత కంప్యూటర్లు నాలుగున్నాయి. అవి ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. వాటిలో ఒకదానికి మాత్రం మా కర్నూలు వీధిలో కాస్త మర్యాద ఉండేది. ఎండాకాలం రోజూ పొద్దున దాన్ని ఆన్ చేసి పాటలు పెట్టేవాణ్ణి. ఎండ ముదిరేసరికి లోపల వేడెక్కి అదంతట అదే ఆగిపోయేది. పాట ఆగిందంటే నా భార్య వీధి తలుపు మూసేసేది. ఎదురింటి పెద్దాయన నందికొట్కూరు బస్సుకు బయలుదేరే ముందు మా గేటు దగ్గర నిలబడి, "ఏమప్పా, ఇంగా పాడతాండాదా?" అని అడిగేవాడు. పాడుతుంటే వెళ్ళేవాడు, ఆగిపోతే ఇంట్లోకి తిరిగేవాడు.

ఎండను చూసి చెప్పడం కంప్యూటర్ చేయాల్సిన పనేనా? నాకది అవమానంగా తోచింది. ఒక ఆదివారం దాన్ని విప్పి, ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్మంతా చీపురుతో దులిపి, మళ్ళీ బిగించాను. మరునాడు మిట్టమధ్యాహ్నం కూడా అది ఆగకుండా పాడింది. నేను గర్వంగా దాని ముందే కూర్చున్నాను.

సాయంత్రం పెద్దాయన తల మీద తడి తువ్వాలుతో వచ్చాడు. పాట నమ్ముకుని మధ్యాహ్నం బయలుదేరితే, బస్టాండు చేరకముందే కళ్ళు తిరిగి పడిపోయాడట.

"శానా బాగుండె గదప్పా, యాల చెడగొడితివి?" అన్నాడు.

నా భార్య ఆయనకు మజ్జిగ ఇచ్చి నా వైపు తిరిగింది. "ఆ దుమ్ము ఇంగా ఉండాదా, పారబోస్తివా?"