ఆవుకళ్ళ అప్పయమ్మ గారి మొగుడు

వాసుదేవరావు ఎవరినీ ఉత్త పేరుతో పిలవలేడు. ముందు ఒక బిరుదు తగిలించకపోతే ఆ పేరు ఆయన గొంతు దిగదు. పాలవాడు గుమ్మంలోకొస్తే ‘తెల్లారకముందే తెల్లదనం పంచే చినబాబు’ వచ్చాడంటాడు. వీధి కుక్క సైతం ‘కంటికి కనపడని శత్రువుల్ని తరిమే మోతీ’. భిలాయి స్టీలు ప్లాంటు సెక్టారు క్వార్టర్లలో ‘ఒరే’ అంటే పలికే జనాన్ని ఆయన దండకం చదివి పిలిచేవాడు. దండకం సగానికొచ్చేసరికి మనిషి మలుపు తిరిగిపోయేవాడు.

ఈ జబ్బు ఆయనకి గ్రీకు దేవుళ్ళు అంటించారు. పవర్ హౌస్ అనే పేట బజారులో పాత కాగితాల కొట్టు నుంచి, తూకానికమ్మే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చుకున్నాడు. దానికి అట్ట లేదు, ముందు పేజీలు లేవు, కాబట్టి ఎవరి రాతో తెలీదు. లోపలంతా వేల ఏళ్ళ కిందట గ్రీకులు తమ దేవుళ్ళ మీద పాడుకున్న స్తోత్రాలు, యుద్ధకథలు. ఆ కవులూ అంతే, ఏ దేవుడి పేరూ ఒంటరిగా వదలరు. మేఘాలు పోగేసే జ్యూస్, వెండివిల్లు అపోలో, ఇలా. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని వాసుదేవరావు ఆ పుస్తకాన్ని నమిలి మింగాడు.

“జ్యూస్ ఏటి, దేవుడేటి? మోసంబీయా, చెరుకా?” అంది భార్య అప్పయమ్మ.

“దేవుళ్ళందరికీ పెద్దే! పిడుగులు విసురుతాడు. ఎద్దు వేషంలో ఒక పిల్ల దగ్గరికి, హంస వేషంలో ఇంకో ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.”

“మన ఇంద్రుడే నయం. కోడిలా కూసి ఊరుకున్నాడు.”

ఆ జ్యూస్ గారి భార్య హీరా. ఆవిడకి గ్రీకులిచ్చిన బిరుదు ‘ఆవుకళ్ళ’. ఒక పొద్దున్న వీధి వీధంతా కుళాయి దగ్గరుండగా వాసుదేవరావు గొంతెత్తి, “ఆవుకళ్ళ అప్పయమ్మా, టిఫిన్ డబ్బా ఏదీ?” అన్నాడు.

డబ్బా రాలేదు. సాయంత్రం పొయ్యీ వెలగలేదు.

“చేపకళ్ళంటే మీనాక్షి అని గుడి కట్టేరు,” అని బతిమాలాడు. “లేడికళ్ళంటే మురిసిపోతారు. మధ్యలో ఆవేటి పాపం చేసిందే? దాని కళ్ళెప్పుడైనా సరిగ్గా చూసావా?”

“చూసాను. కొమ్ములు కూడా చూసాను. ఇంకోసారి అన్నారంటే మీరూ చూస్తారు.”

ఆయన అన్నాడు. రోజూ అన్నాడు. కొన్నాళ్ళకి పోస్ట్‌మాన్ కూడా ఆ పేరుతోనే ఇల్లు వెతుక్కుంటూ వస్తే, “అవును, నేనే. ఏటి కావాలి?” అంది అప్పయమ్మ.

వాసుదేవరావు ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్. ఒకసారి ఫోర్‌మన్ ఫోన్ చేసి, “రావ్ జీ, పంప్ కిస్‌నే ఖోలా?” అని అడిగాడు. “గ్రీజుని గంధంలా పూసుకునేవాడు, బిగించిన నట్టుని ఏనుగొచ్చినా వదలనివ్వనివాడు...” అని ఈయన మొదలెట్టాడు. పంపు విప్పినవాడు అప్పలకొండ అని తేలేసరికి అప్పలకొండ ఇంటికెళ్ళి, స్నానం చేసి, భోంచేసి నిద్రపోయాడు.

ఎదురింటి సతీష్‌కుమార్‌కి ఈ గోల వింటే ఒళ్ళు మండేది. నిజానికి అప్పట్లో అతనికి అన్నిటికీ ఒళ్ళు మండేది. ఉద్యోగం లేదు. దొరికిన పుస్తకమల్లా చదివేవాడు, చదివిన ప్రతి పుస్తకం తర్వాతా వీధి ఇంకాస్త ఇరుకైనట్టుండేది. అన్నిటికన్నా అతనికి అసహ్యం ఆ వీధి పెట్టే పేర్లు. శ్రీకాకుళం, విజయనగరాల నుంచి ఒకే రకం పేర్లతో దిగిన జనం, గుర్తుకోసం మనిషికో లోపం తగిలించుకున్నారు. నత్తి అప్పలకొండ, మెడలేని అప్పలకొండ, అప్పుల అప్పలకొండ. సతీష్ అన్నయ్య బలరాంకి చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. దాంతో అతను కుంటి బలరామయ్యాడు. ఆ మాటకోసం సతీష్ బళ్ళో ఎన్ని చొక్కాలు చింపాడో, ఎన్ని చింపించుకున్నాడో.

బలరాంకి పవర్ హౌస్ బజారులో వెల్డింగ్ షాపుంది. పక్క ఊరు దుర్గ్ నుంచి రోహిణి అనే అమ్మాయి కిటికీ గ్రిల్ చేయించుకోడానికి వచ్చింది. గ్రిల్ బిగించాక కూడా వస్తూనే ఉంది. ఇద్దరికీ ఇష్టమే. కానీ ఆమె తండ్రి గోవిందరావు, రైల్వే మనిషి, “వాళ్ళ వీధిలో ఆరా తీసి గానీ ఏ మాటా చెప్పను” అన్నాడు. ఆదివారం వస్తున్నాడని కబురొచ్చింది.

సతీష్ లెక్కలు వేసుకున్నాడు. వీధి సంగతి అలా ఉంచితే, వాసుదేవరావుని ఏం చెయ్యాలి? బలరాం కనిపిస్తే చాలు ఆయన గ్రీకుల కొలిమి దేవుడి స్తోత్రం ఎత్తుకునేవాడు, సతీష్ అది వినకుండా లోపలికి పోయేవాడు. సతీష్ ఆ పుస్తకం అడిగి తీసుకుని చదివాడు కూడా. దేవుళ్ళకి ఆయుధాలు చేసిపెట్టే ఆ దేవుడు కుంటివాడు. పుస్తకంలో ఆయన బిరుదే అది.

ఆదివారం పొద్దున్నే అబద్ధమాడాడు. “బాబాయ్, దుర్గ్ స్టేషన్ కొట్లో నీ పుస్తకం రెండో భాగం వచ్చిందంట.”

వాసుదేవరావు చొక్కా గుండీలు దారిలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చాడు. “రెండో భాగం లేదంటరా. గానీ స్టేషన్లో మంచి మనిషి దొరికాడు. చూస్తే మన వీధికే వస్తన్నాడు. కలిసే రైలెక్కేం. బలరాం గురించి అడిగితే పాడీసాను.”

“ఏటి పాడీసావు?”

“కొలిమి దేవుడి స్తోత్రం. దుర్గ్ నుంచి పవర్ హౌస్ స్టేషన్ దాకా ఆపలేదు. ఒక సర్దార్జీ చప్పట్లు కొట్టాడు.”

సతీష్ బాబాయి ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. “అన్నయ్య పెళ్ళిని నీ దేవుళ్ళకి బలిచ్చీసావు కదా బాబాయ్! ఆయనేడీ?”

“వీధి మొదట్లో ఆగిపోనాడు. మీరు నడవండి, నేనొస్తానన్నాడు.”

చాలాసేపటికి గోవిందరావు చెమటలు కక్కుతూ వచ్చి ఆ అరుగు మీదే కూర్చున్నాడు. ఆయనది మెల్లకన్ను. కోపంగా చూస్తున్నది తననో, బాబాయినో తెలియక సతీష్ లేచి నిలబడ్డాడు. వాసుదేవరావు కూడా లేచాడు. అప్పయమ్మ టీ తెచ్చింది.

“కాలు సంగతి నాకు ముందే తెలుసు,” అన్నాడు గోవిందరావు. “మా రోహిణి చెప్పింది. కాలుతో నాకు పేచీ లేదు, పేరుతోనే. మా రైల్వే కాలనీలో నన్ను రెండు సిగ్నళ్ళోడంటారు. మా ఆవిడ రెండు సిగ్నళ్ళోడి పెళ్ళాం. దాని పేరు కన్నమ్మని అక్కడ ఒక్కడికీ తెలీదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మాట అనలేదు గానీ, ఎవరైనా అలగ పిలిస్తే ఆ రోజు కూరలో ఉప్పుండదు. నా కూతురు కుంటోడి పెళ్ళాం కాకూడదు. అందుకే ఈ వీధిలో ఆ మాట ఉందా లేదా అని వినడానికొచ్చాను.”

“ఉందా?” అన్నాడు సతీష్.

“ఇస్త్రీ బండివాణ్ణి హిందీలో, లంగ్డా బలరాం, అదే కుంటి బలరాం ఇల్లేదని అడిగాను. ‘లంగ్డా కౌన్? లోహే కో మనానేవాలా బలరాం చాహియే క్యా?’ అన్నాడు. కిరాణా కొట్లో అడిగితే ‘ఇనుముని బుజ్జగించే బలరామాండీ?’ అన్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళదీ అదే మాట, రైల్లో ఈయన పాడిందే. ఈయనేనా అందరికీ ఇలగ నేర్పించింది?”

అందరూ వాసుదేవరావు వైపు చూశారు. ఆయన చూరులోని పిచ్చుక గూడుని పరీక్షిస్తున్నాడు.

కుంటి అన్న మాట తను ఆఖరిసారి ఎప్పుడు విన్నాడా అని సతీష్ ఆలోచించాడు. గుర్తు రాలేదు. ఆ మాటకోసం వీధినంతా ద్వేషించినవాడు, అది ఎప్పుడు వెళ్ళిపోయిందో గమనించనే లేదు.

“పుస్తకంలో ఆ దేవుణ్ణి కుంటివాడనే అంటారు కదా బాబాయ్. నేను చదివాను.”

“అంటారు. నేను మార్చీసాను.”

“దేవుడి పేరు మార్చడానికి నువ్వెవరు?”

“మెకానికల్ మెయింటెనెన్స్,” అన్నాడు వాసుదేవరావు. “పాడైన పార్టు మార్చడం నా డ్యూటీ. మిగతా దేవుళ్ళు మేఘాలూ, వెండివిల్లులూ తగిలించుకుని, పని చేసేవాడొక్కడికీ కుంటోడని పెడతారా? పైగా నిండు సభలో ఆడు గ్లాసులందిస్తంటే నవ్వుతారంట! ఒక్కడికీ డ్యూటీ లేదు, కూర్చుని నవ్వడమొకటీ!”

“మరి నా ఆవుకళ్ళు మార్చలేదేటి?” అంది అప్పయమ్మ.

“అవి కండిషన్‌లోనే ఉన్నాయి కదే.”

గోవిందరావు గ్లాసు కింద పెట్టాడు. “అయితే నాకేటి పేరు పెడతారు?”

వాసుదేవరావు ఆయన కళ్ళలోకి తేరిపార చూశాడు. సతీష్ తనకి నమ్మకం లేని దేవుళ్ళందరికీ, గ్రీకు దేశంవాళ్ళతో సహా, ఒక్కుమ్మడిగా మొక్కుకున్నాడు.

“కూతురి పేరు కోసం మిట్టమధ్యాహ్నం వీధంతా నడిచిన గోవిందరావు.”

గోవిందరావు ఆ మాటని లోలోపల ఒకసారి పలికి చూసుకున్నాడు. “మరీ పొడుగండీ. స్టేషన్ బోర్డు మీద కూడా పట్టదు.”

“తగ్గించమంటారా?”

“వద్దొద్దు. శుభలేఖ మీద ఎలగోలాగ పట్టిద్దాం. గానీ పక్కన మా కన్నమ్మకేటి రాయించాలో అది ముందు చెప్పండి.”

వాసుదేవరావు గొంతు సవరించుకున్నాడు. అప్పయమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని, ఈసారి పెద్ద గిన్నెలో టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.