జెండా పక్కన ఆరబెట్టిన నెత్తళ్లు

అరవైల మొదట్లో, నాకు పెళ్లయిన కొత్తలో జరిగింది. మాది నెల్లూరు సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే పల్లె. గూడూరు అభ్రకం గనుల దొరలు మా పక్క బీడులో గోల్ఫ్ మైదానం వేసినారు. గడ్డి దిబ్బ మీద నుంచి బంతిని కొట్టుకుంటూ, దారిలో కావాలని తవ్విన ఇసుక గుంటలను తప్పించుకుంటూ పోయి, చివర గుండ్రటి ఇసుక చదునులో ఉన్న చిన్న గుంతలో వేయాలంట. గుంత కనబడేందుకు అందులో జెండా. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

"చూడమ్మాయ్, ఎంత నున్నగా ఉందో! కాకులు రాకుండా గుడ్డ కూడా కట్టినారు," అంటూ మా అత్త ఆ చదునులోనే నెత్తళ్ల చేపలు ఎండకు పరిచింది.

మధ్యాహ్నం వాటిని తిరగేస్తుంటే అత్త చెవి పక్కనుంచి బంతి దూసుకొచ్చి చేపల్లో పడింది. వెనకే కర్ర పట్టుకుని దొర వచ్చినాడు. కొడతాడేమోనని అత్తకు అడ్డం నిలబడినాను.

ఆయన మా వైపు చూడనే లేదు. బంతి తీసి, వాసన చూసి, మొహం చిట్లించి పారేసినాడు.

"అయ్యో అక్కా, ఇసుక లేవకుండా దీంట్లో ఇంజను నూనె కలిపినారే!" అన్నాడు వెనకాలే వచ్చిన మైదానం కాపలా మనిషి. చేపల నీచులో ఆ కంపు మాకు తెలియనే లేదు.

మేమూ చేపలను వాసన చూసినాము. పారేయలేకపోయినాము. ఆ వానాకాలమంతా వాటినే కడిగి కడిగి వండుకు తిన్నాము. ఆయన బంతిని విసిరేసిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.